చూపించే డబ్బు



పోయిన ఆదివారం రాయలేదు. ఇంటర్నల్స్ పేపర్లు దిద్దడంలో మునిగిపోయాను. "సార్, ఈ వారం పోస్టేది?" అని నలుగురైదుగురు ఇన్‌బాక్స్‌లో అడిగారు. అడిగేవాళ్ళుంటే రాయబుద్ధి అయితది. ఈసారి కొంచెం దూరం నుంచి మొదలుపెడతాను. థాయ్‌లాండ్ నుంచి. భయపడకండి, చివరికి మన వాడకే వస్తాను.

2024 డిసెంబర్‌లో చియాంగ్ మాయ్ వెళ్ళాను. బౌద్ధం మీద, దళిత సాహిత్యం మీద ఒక చిన్న సమావేశం. టికెట్ పిలిచినవాళ్ళే కొన్నారు. నా పాస్‌పోర్టు మీద పడ్డ మొదటి ముద్ర అది. ఆ ఏడాది జులై నుంచి మన దేశం వాళ్ళు 60 రోజుల దాకా వీసా లేకుండానే అక్కడికి వెళ్ళే వీలుండేది కాబట్టి వీసా తిప్పలు లేవు. కానీ మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మిత్రుడొకడు 20,000 బాట్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దిగినంక చేతిల పైసలున్నయా అని అడగొచ్చు. అడిగితే చూపించు. ఖర్చు పెట్టకు, అవి చూపించేటందుకే" అన్నాడు.

ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదు. కానీ క్యూలో నిలబడ్డంతసేపూ నా చేయి చొక్కా లోపలి జేబు మీదే ఉంది. పీహెచ్‌డీ పట్టా ఉంది, గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగముంది, ఆహ్వాన పత్రముంది. ధైర్యం మాత్రం మిత్రుడిచ్చిన అప్పులోనే ఉంది.

నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో ఒక ఇంగ్లండ్ పెద్దాయన ఉన్నాడు. 76 ఏళ్ళు. ఉత్తర ఇంగ్లండ్‌లో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడట. భార్య పోయాక ఇక్కడికొచ్చి కింది గదిలో నెల అద్దెకు ఉంటున్నాడు. తెల్లవాళ్ళు ఇక్కడ మహారాజుల్లా బతుకుతారని మన ఊహ కదా. ఈయన ఉదయం ఒక కాఫీ, రెండు బ్రెడ్డు ముక్కలు. రోడ్డు మీద బండి దగ్గర నూడుల్స్‌తో మధ్యాహ్నం. ఒక కంటికి శుక్లం బాగా ముదిరింది, రెండోదానికి మొదలైంది. పేపర్ చదవాలంటే ముక్కుకి ఆనించుకుంటాడు.

రెండో రోజు ఉదయం ఆయన బల్ల మీద బ్యాంకు పాస్‌బుక్కు, దాని జిరాక్సులు, పాస్‌పోర్టు పేజీలు పరిచి కూర్చున్నాడు. ప్రతి జిరాక్సు మీదా సంతకం పెట్టాలట. గీత కనిపించట్లేదు, కొంచెం చూపిస్తావా అని నన్ను పిలిచాడు. అలా ఆ లెక్కంతా నాకు తెలిసింది.

దాన్ని అందరూ రిటైర్మెంట్ వీసా అంటారు. నిజానికది ఒక్కో ఏడాదికి పొడిగించుకునే అనుమతి. 50 ఏళ్ళు నిండాలి. థాయ్ బ్యాంకులో సొంత పేరు మీద 8 లక్షల బాట్లుండాలి. లేదా నెలకు 65,000 బాట్ల ఆదాయముండాలి. లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలు అవ్వాలి. ఫీజు 1,900 బాట్లు. దాంతో అయిపోదు. 90 రోజులకోసారి "నేను ఇక్కడే ఉన్నాను" అని ఇమిగ్రేషన్‌కు చెప్పుకోవాలి.

అప్పట్లో బాట్‌కు దాదాపు రెండున్నర రూపాయలు, ఆ లెక్కన చూసుకోండి. 8 లక్షల బాట్లంటే 20 లక్షల రూపాయలు. నెలకు 65,000 అంటే లక్షా అరవై వేల పైన.

ఒకప్పుడు ఇంత పట్టింపు లేదట. మీ రాయబార కార్యాలయం నుంచి "ఈయనకింత ఆదాయముంది" అని ఒక ఉత్తరం తెచ్చుకుంటే సరిపోయేది. 2018 చివర, 2019 మొదట్లో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాలు ఆ ఉత్తరాలివ్వడం మానేశాయి. 2019 మార్చి నుంచి డబ్బు నియమం కూడా బిగిసింది. 8 లక్షలు దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి అకౌంట్లో ఉండాలి. అనుమతి వచ్చాక ఇంకో మూడు నెలలు కదలకూడదు. ఆ తర్వాత కొంత వాడుకోవచ్చు, కానీ 4 లక్షలకు తగ్గకూడదు. మళ్ళీ దరఖాస్తుకు రెండు నెలల ముందు 8 లక్షలు నిండాలి.

పెద్దాయనది డిసెంబర్ దరఖాస్తు. అంటే అక్టోబర్ నుంచి మార్చి దాకా 8 లక్షలు. మార్చి నుంచి అక్టోబర్ దాకా 4 లక్షలకు పైన. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంటే మా ఊళ్ళో నాట్లు ఎప్పుడు, కోతలు ఎప్పుడు అని చెప్పే ముసలాయనలు గుర్తొచ్చారు. ఈయనకు కాలం బ్యాంకు పుస్తకాన్ని బట్టి నడుస్తోంది.

"కంటికి ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా?" అన్నాను.

ఆయన పాస్‌బుక్కు మీద వేలు పెట్టి, "డబ్బు ఇదే. ఇప్పుడు దీన్ని ముట్టుకుంటే కన్ను బాగవుతుంది, కానీ ఆ కంటితో చూడ్డానికి ఈ ఊళ్ళో ఉండనివ్వరు" అన్నాడు.

ఆయన వేరే డబ్బు ఎందుకు కూడబెట్టలేకపోయాడో కూడా చెప్పాడు. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఏటా పెరుగుతుంది. కానీ థాయ్‌లాండ్‌లో స్థిరపడితే పెరగదు. అక్కడ మొదలైన రోజు ఎంతో చచ్చేదాకా అంతే. అదే మనిషి పక్కనే ఫిలిప్పీన్స్‌లో ఉంటే పెరుగుతుంది, అమెరికాలో ఉన్నా పెరుగుతుంది. దేశాల మధ్య పాత ఒప్పందాలున్నచోట ఒక లెక్క, లేనిచోట ఇంకో లెక్క. దానికి తోడు, 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వద్దనుకోకముందు పౌండుకు 50 బాట్ల దాకా వచ్చేవి, 2019 నాటికి 40 కిందికి పడింది. పౌండ్లలో వచ్చే పెన్షన్ నిలబడిపోయింది, బాట్లలో చూసుకుంటే అది కూడా తగ్గింది. ఆ వయసులో ఇన్సూరెన్స్ ప్రీమియం నా వల్ల కాదు అన్నాడు.

డబ్బు లేనివాళ్ళేం చేస్తారని అడిగితే నవ్వాడు. ఏజెంట్లుంటారు. రుసుము తీసుకుని, కావలసిన కాలానికి డబ్బున్నట్టు చూపిస్తారు. పట్టుబడితే వీసా పోతుంది. తనకు తెలిసినవాళ్ళలో కొందరు అలాగే ఉంటున్నారట. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళాక ఎవరూ ఫోన్ చెయ్యరు అన్నాడు.

ఈ నిచ్చెనకు పై మెట్టు కూడా ఉంది. 2022లో థాయ్‌లాండ్ కొత్త దీర్ఘకాల వీసా తెచ్చింది. పదేళ్ళది. అందులో ఒక తరగతికి పెట్టిన పేరే "ధనిక పెన్షనర్". ఏడాదికి 80,000 డాలర్ల ఆదాయముంటే అందులో చేరొచ్చు. వాళ్ళు 90 రోజులకోసారి హాజరు చెప్పుకోనక్కర్లేదు, ఏడాదికోసారి చాలు. డబ్బు తక్కువున్న ముసలివాడు ఏడాదికి నాలుగుసార్లు బతికున్నానని చెప్పాలి. ఎక్కువున్నవాడు ఒకసారి చెబితే చాలు.

ఇదంతా వింటుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

మా పెద్దమ్మకు పిల్లల్లేరు, పెదనాయిన లేడు. ఆసరా పింఛను 2,016 రూపాయలు వస్తుంది. నెలనెలా పోస్టాఫీసు దగ్గర కూర్చుని మిషన్ మీద వేలు పెట్టాల్సి వచ్చేది. అరవై ఏళ్ళు నాట్లేసి, కలుపుతీసి, పత్తి ఏరిన వేళ్ళు. వాటి మీద గీతలెక్కడివి? "ఏలు పడ్తలేదు బిడ్డా. తుడుచుకోమంటడు, తుడుస్త. తడి చేసుకోమంటడు, చేస్త. రేపు రమ్మంటడు" అనేది. ఒక నెల నాలుగు రోజులు తిరిగింది. వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే తెల్లారి ముద్ర పడుతుందని ఎవరో చెబితే అదీ చేసింది. ఆంధ్రాలో ఆ పింఛను 2024 జులై నుంచి 4,000 అయింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి "మనం గా దిక్కు పుట్టకపోతిమి" అని నవ్వుతుంది.

గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడకు 82 ఏళ్ళ తల్లి ఉంది. రోజూ అరుగు మీద కూర్చుని అరటాకులు తుడుస్తుండేది. "అమ్మకు పింఛనొస్తుందా?" అని అడిగాను. నెలకు 800 బాట్లు అంది. అక్కడ 60 దాటిన వాళ్ళకు 600, 70 దాటితే 700, 80 దాటితే 800, 90 దాటితే 1,000. 800 బాట్లను రూపాయల్లోకి మార్చండి. 2,000. మా పెద్దమ్మకొచ్చేదీ అంతే.

నేను ఆ అరుగు మీదే కూర్చుని కాసేపు లేవలేకపోయాను. పరాయి దేశం ముసలాయన ఈ ఊళ్ళో బతకాలంటే నెలకు 65,000 బాట్లు కావాలని అదే ప్రభుత్వం లెక్క కట్టింది. ఈ ఊళ్ళోనే పుట్టిన ముసలమ్మకు 800 ఇస్తోంది. పరాయివాణ్ణి అడగడం తప్పని నేననను. రేపు ఆయన ఆస్పత్రి పాలైతే ఆ బిల్లు ఆ ముసలమ్మ లాంటివాళ్ళ మీదే పడుతుందనే భయం ప్రభుత్వాలకుంటుంది. కానీ మనిషి మర్యాదగా బతకడానికి ఎంత కావాలో ప్రభుత్వాలకు తెలియదనే మాట మాత్రం నేనిక నమ్మను. తెలుసు. వీసా ఫారం మీద అంకెలతో రాసి పెట్టారు. పింఛను పట్టిక దగ్గరికొచ్చేసరికి ఆ అంకె మర్చిపోతారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఇదీ కులమే అని చప్పట్లు కొట్టే మిత్రులుంటారు. కాదు. బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానతకు ఇది పైకి దగ్గరగా కనిపిస్తుంది, అంతే. ఈ నిచ్చెన డబ్బుంటే ఎక్కొచ్చు. మనది అలాంటిది కాదు.

బాబాసాహెబ్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం పేరేమిటి? "వెయిటింగ్ ఫర్ ఎ వీసా". క్లాసులో ఈ పేరు చెప్పగానే పిల్లలు అమెరికా వీసా అనుకుంటారు. ఆ పుస్తకంలో ఎంబసీ లేదు, ఇంటర్వ్యూ లేదు. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లతో 1913లో కొలంబియా వెళ్ళి, చదివి, ఆ సంస్థానానికి పనిచేయడానికి తిరిగొచ్చిన మనిషికి బరోడాలో ఉండటానికి ఒక గది దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరుతో రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నాడు. కొన్నాళ్ళకు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. గమనించండి, ఆయన దగ్గర డబ్బుంది. ఇచ్చాడు కూడా. చూపించే డబ్బూ ఖర్చుపెట్టే డబ్బూ రెండూ ఉన్నా చాలలేదు.

నేను ఈ ఊరికి బదిలీ మీద వచ్చినప్పుడు మూడు నెలల అడ్వాన్సు కవరులో పెట్టుకుని ఇల్లు వెతికాను. ఒక ఇంటాయన గదులన్నీ చూపించాడు, నల్లా తిప్పి నీళ్ళ ధార కూడా చూపించాడు. లెక్చరర్ అంటే ఎంతో మర్యాద చేశాడు. చివర్న "ఎవరోళ్ళు సార్ మీరు?" అన్నాడు. చెప్పాను. "మా తమ్ముడొస్తా అన్నడు సార్, మర్చిపోయిన" అన్నాడు. కవరు నా జేబులోంచి బయటికే రాలేదు. చియాంగ్ మాయ్‌లో ఆ పెద్దాయనకు లేనిది డబ్బు. ఇక్కడ నాకు ఏది తక్కువైందో ఏ బ్యాంకు స్టేట్‌మెంటులోనూ రాయరు.

సరే, మన వాడకొచ్చేశాం కదా. అసలు సంగతి చెబుతాను.

నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటొచ్చింది. పేరు రాయను. తల్లి కూలి, తండ్రి ఆటో. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 20 లక్షల దాకా. మంచి పథకం, పోరాడి తెచ్చుకున్నది, దాని మీద ఒక్క మాట పడనివ్వను. కానీ దాని తీరు చూడండి. మొదటి విడత, అక్కడ దిగిన కాగితం పంపాక. రెండో విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు పంపాక. యూనివర్సిటీ వాళ్ళు వీసాకు కావలసిన ఐ-20 కాగితమివ్వాలంటే మాత్రం మొదటి ఏడాది ఖర్చు మీ దగ్గరుందని ముందే చూపించాలి. అంటే, దిగితే డబ్బొస్తుంది. డబ్బు చూపిస్తేనే దిగనిస్తారు.

బ్యాంకు లోనుకు వెళ్ళింది. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు. వాళ్ళకు ఎకరం పది గుంటలుంది, లావణి పట్టా. ప్రభుత్వం భూమి లేనివాళ్ళకిచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు. ఆ చట్టం లేకపోతే మన భూములు ఎప్పుడో దొరల చేతుల్లోకి పోయేవి, అది నిజం. కానీ అమ్మడానికి వీల్లేని భూమికి మార్కెట్ విలువ ఎవరు రాసిస్తారు? ఆమె పక్క బెంచీ అమ్మాయికి మూడెకరాల పట్టా భూమి మీద నెల తిరక్కుండా లోనొచ్చింది. ఇద్దరి మార్కులూ దాదాపు ఒకటే.

అప్పుడు కన్సల్టెన్సీ అబ్బాయి దారి చెప్పాడట. "మీ నాన్న అకౌంట్ల ఒక నెల పైసలు పెట్టిస్తం. వడ్డీ కట్టుండ్రి, ఖాళీ చెక్కులు ఇయ్యుండ్రి. అందరు చేసేదే." హైదరాబాద్‌లో ఇది తెలియని ఇల్లు లేదు. అమ్మాయి నా దగ్గరకొచ్చి, "సార్, పూచీ సంతకం ఎవరన్న ఉద్యోగి పెట్టాల్నట" అంది.

నేను మొదట అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. "దొంగ కాగితాలతో పోతవా బిడ్డా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తల దించుకుని కాళ్ళ వేళ్ళ వంక చూసింది. ఆ రాత్రి నాకు నా చొక్కా లోపలి జేబు గుర్తొచ్చింది. 20,000 బాట్లు ఎవరివి? నేను చూపించడానికి మోసింది ఎవరి డబ్బు? అడగలేదు కాబట్టి నేను పెద్దమనిషినయ్యాను. అడిగుంటే అబద్ధమే చెప్పేవాణ్ణి.

తప్పును ఒప్పని నేననడం లేదు. అద్దె డబ్బుతో వెళ్ళి పట్టుబడితే పోయేది ఆమె బతుకు. ఖాళీ చెక్కులు బయట వడ్డీవాడి చేతిలో ఉంటే పోయేది వాళ్ళ నాన్న ఆటో. అందుకే ఆ దారి వద్దన్నాను. వద్దనడం తేలిక. వద్దన్నవాడు ఇంకో దారి చూపించాలి కదా.

అయిదుగురం కూర్చున్నాం. ఇద్దరు టీచర్లు, ఒక నర్సు, ఒక బ్యాంకు క్లర్కు, నేను. అందరం మొదటి తరం ఉద్యోగులమే. తల్లిదండ్రులు కానివాళ్ళు కూడా స్పాన్సర్లుగా ఉండొచ్చని యూనివర్సిటీకి రాసి కనుక్కున్నాం. మా మా ఖాతాల్లో నిజంగా ఉన్న డబ్బును, ఎఫ్‌డీలను మా పేరుతోనే చూపించి, "ఈ అమ్మాయి చదువుకు మేం బాధ్యులం" అని అఫిడవిట్ రాశాం. అది చూపించే కాగితం మాత్రమే కాకూడదని మాలో మేం ఇంకో కాగితం రాసుకున్నాం: విద్యానిధి డబ్బు ఆలస్యమైతే మొదటి సెమిస్టర్ ఫీజు మేమే కడతాం. నా వంతు నాలుగు లక్షలు. ఇంటి జాగా కోసం దాచినవి. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నువ్వు యూనివర్సిటీల చదివేటప్పుడు మెస్ బిల్లు ఎవరు కట్టిండ్రు?" అంది. నా సీనియర్ ఒకాయన కట్టాడు, తిరిగి తీసుకోలేదు. ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాను, నేనే మర్చిపోయాను.

భయం లేదని చెప్పను. నేను 2004 సెప్టెంబర్ తర్వాత ఉద్యోగాల్లో చేరినవాళ్ళలో ఒకణ్ణి. మాకు పాత పెన్షన్ లేదు, సీపీఎస్. నెలనెలా జీతంలో పది శాతం కోస్తారు, చివర్న చేతికెంతొస్తుందో మార్కెట్ చెప్పాలి. ఆ పెద్దాయన వయసుకు నేనెక్కడుంటానో, ఎవరికి ఏం చూపించాలో తెలియదు. అయినా ఒక లెక్క తెలిసింది. మన వాళ్ళలో ఒక్కరి దగ్గర 20 లక్షలు ఉండకపోవచ్చు. అయిదుగురి దగ్గర కలిపి ఉండొచ్చు. మీ ఊళ్ళో అలాంటి అయిదుగురున్నారేమో చూడండి. విడతల నియమం మార్చాలని, మొదటి విడత వీసాకు ముందే ఇవ్వాలని, కనీసం వీసాకు చూపించడానికి పనికొచ్చే హామీ పత్రమైనా ఇవ్వాలని అర్జీ రాస్తున్నాం. విద్యార్థి సంఘాల వాళ్ళు ఇన్‌బాక్స్‌కు రండి, ముసాయిదా పంపిస్తాను.

ఐ-20 వచ్చింది. ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు. అమ్మాయి రోజూ పొద్దున్నే తేదీ చూసుకుని "ఇంకా లేదు సార్" అని మెసేజ్ పెడుతోంది.

మొన్న చియాంగ్ మాయ్ నుంచి కూడా మెసేజొచ్చింది. మార్చి వచ్చింది కదా, మూడు నెలలు నిండాయి. పెద్దాయన ఒక కన్ను చేయించుకున్నాడట. తీసిన డబ్బు అక్టోబర్ లోపల మళ్ళీ నింపాలి, రెండో కన్ను వచ్చే ఏడాది చూస్తానని రాశాడు. ఈసారి అక్షరాల్లో తప్పుల్లేవు.

మిత్రుడి 20,000 బాట్లు వచ్చిన మర్నాడే ఇచ్చేశాను. నోట్లు లెక్కపెట్టుకుని, "అడిగిండ్రా?" అన్నాడు.

"అడగలే" అన్నాను.

"మంచిది. ఇంకొకరు పోయేటప్పుడు పనికొస్తయి" అని కవర్లో పెట్టి బీరువాలో దాచాడు.

వచ్చే ఆదివారం కలుద్దాం. జై భీమ్.